బ్రోకెన్ బౌ మ్యూజియంకి నాన్నగారిని ముందు నడవనివ్వండి

ప్రశ్న: అమెరికాలోని నెబ్రాస్కా రాష్ట్రం, ఒమాహాలో ఉంటున్నాం. అనంతపురం జిల్లా నుంచి అమ్మానాన్న వచ్చారు, నాన్న వేరుశనగ రైతు. పిల్లలకు 8, 12 ఏళ్లు. శాండ్‌హిల్స్ (గడ్డి కప్పిన ఇసుక దిబ్బల ప్రాంతం) చూడటానికి వెళ్తూ బ్రోకెన్ బౌలో ఒక రోజు ఆగుదామనుకుంటున్నాం. అక్కడ కస్టర్ కౌంటీ మ్యూజియం ఉందట, ఫ్రాంటియర్ కాలం నాటి వస్తువులట. పాత ఇనుప సామాన్లు చూసి అందరూ విసుక్కుంటారేమోనని అనుమానం. వెళ్లదగ్గదేనా? వెళ్తే ఏం చూడాలి?

జవాబు:

తప్పకుండా వెళ్లండి. శాండ్‌హిల్స్ కోసం ఎలాగూ 2వ నంబరు హైవే మీదే పోతారు కాబట్టి దారి మళ్లే పని కూడా లేదు. నేను చాలా ఏళ్లుగా నెబ్రాస్కాలోనే ఉంటున్నాను. వేసవి శనివారాల్లో ఇంకో కౌంటీలోని చిన్న మ్యూజియంలో వాలంటీర్‌గా ఉండి, వచ్చినవాళ్లకు వస్తువులు చూపిస్తుంటాను. మన తెలుగు కుటుంబాలు వచ్చినప్పుడు ఒకటి గమనించాను. ఇక్కడ ఉద్యోగాలు చేసుకునే కొడుకులు, కోడళ్లు పది నిమిషాల్లో గదులన్నీ తిరిగేసి బయట బెంచీ మీద కూర్చుంటారు. వాళ్ల వెంట వచ్చిన ఊరి పెద్దలు మాత్రం నాగలి దగ్గరో, చిలికే పీపా దగ్గరో ఆగిపోయి కదలరు. చీటీ మీద రాసిన ఇంగ్లిష్ వాళ్లకు రాదు, కానీ ఆ వస్తువు ఎలా పనిచేస్తుందో చూడగానే తెలుస్తుంది. అందుకే మీరు దారి చూపించకండి. నాన్నగారిని ముందు నడవనివ్వండి, పిల్లల్ని ఆయన పక్కన ఉంచండి.

విసుగు ఎందుకు పుడుతుందంటే, అక్కడి వస్తువుల్ని పాతవి కాబట్టి చూస్తాం. అలా చూస్తే ఇస్త్రీపెట్టె ఇస్త్రీపెట్టెలాగే ఉంటుంది. ఒక్కో వస్తువు ముందు నిలబడి, ఇక్కడ ఏది దొరక్క దీన్ని చేసుకున్నారు అని అడగండి. కస్టర్ కౌంటీకి తొలి సెటిలర్లు, అంటే భూమి పట్టి స్థిరపడటానికి వచ్చినవాళ్లు, చేరేనాటికి అక్కడ చెట్లు లేవు. ఏరు, వాగు పక్కన తప్ప నీళ్లు పైన లేవు. రాళ్లు కూడా లేవు. ఉన్నదల్లా గడ్డి, గాలి. ఆ మ్యూజియంలో చూసే సగం వస్తువులకు జవాబు ఇందులోనే ఉంది.

వెళ్లే ముందు కారులోనే పిల్లలకు భూమి సంగతి చెప్పండి, లేకపోతే మిగతాది అర్థం కాదు. 1862 మే 20న అధ్యక్షుడు లింకన్ హోమ్‌స్టెడ్ చట్టం మీద సంతకం చేశాడు. 1863 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చింది. 21 ఏళ్లు నిండినవాళ్లు లేదా కుటుంబ పెద్ద, అమెరికా పౌరులు గానీ పౌరసత్వం తీసుకుంటామని ప్రకటించినవాళ్లు గానీ, 160 ఎకరాలకు అర్జీ పెట్టుకోవచ్చు. ఐదేళ్లు అక్కడే కాపురం ఉండి, నేల దున్ని, ఇల్లు కట్టి, ఇద్దరు సాక్షుల్ని తెచ్చి రుజువు చేసుకుంటే పట్టా ఇస్తారు. మొత్తం ఫీజులు 18 డాలర్లు. ఈ చట్టం కింద దేశం మొత్తం మీద దాదాపు 16 లక్షల పట్టాలు, సుమారు 27 కోట్ల ఎకరాలు ఇచ్చారు.

160 ఎకరాలు అనగానే నాన్నగారు కళ్లు పెద్దవి చేస్తారు. అప్పుడు ఆయనకు వాన లెక్క చెప్పండి. బ్రోకెన్ బౌ ప్రాంతంలో ఏడాదికి పడేది 20 అంగుళాల పైచిలుకు, అంటే 50-55 సెంటీమీటర్లు. అనంతపురం వాన కూడా ఇంచుమించు అంతే. ఆ వానతో ఎన్ని ఎకరాలుంటే ఒక కుటుంబం నిలబడుతుందో ఆయనకు ఎవరూ చెప్పనక్కర్లేదు. తూర్పున వానలు బాగా పడే ఒహాయో, ఇండియానా లాంటి చోట 160 ఎకరాలు ఉన్నవాడు మోతుబరి. ఇక్కడ అదే 160 ఎకరాలు చాలక జనం అల్లాడిపోయారు. ఆ సంగతి ప్రభుత్వానికి అర్థం కావడానికి 40 ఏళ్లు పట్టింది. 1904లో కిన్‌కెయిడ్ చట్టం తెచ్చి, పశ్చిమ నెబ్రాస్కాలోని 37 కౌంటీల్లో ఒక్కొక్కరికి 640 ఎకరాలు ఇచ్చారు.

ఇంకో విషాదం కూడా ఉంది. నేల దున్నితే వాన దానంతట అదే వస్తుందని ఆ రోజుల్లో గట్టిగా ప్రచారం చేశారు. నెబ్రాస్కా విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పే శామ్యూల్ ఆగీ లాంటివాళ్లే దాన్ని సైన్సుగా చెప్పారు. 1880ల్లో వరసగా కొన్నేళ్లు వానలు బాగా పడ్డాయి, జనం నమ్మారు. 1890ల కరువులో ఆ నమ్మకం కొట్టుకుపోయింది. చాలామంది బండి కట్టుకుని తూర్పుకు తిరిగి వెళ్లిపోయారు. మ్యూజియంలో కనిపించే పేర్లు ఎక్కువగా నిలబడ్డవాళ్లవే. వెళ్లిపోయినవాళ్ల సామాన్లు వాళ్లతోనే పోయాయి కదా. కరువుకు ఊరు వదిలినవాళ్లను ఎరిగిన మనిషి మీ నాన్నగారు. ఈ ముక్క ఆయనకు తప్పకుండా చెప్పండి.

ఇక బ్రోకెన్ బౌకి ప్రత్యేకమైన విషయం ఫొటోలు. సాలమన్ బుచర్ అనే ఆయన 1880లో కుటుంబంతో కస్టర్ కౌంటీకి వచ్చాడు. సేద్యం తనవల్ల కాదని త్వరలోనే తేలిపోయింది. 1886లో బండిలో కెమెరా వేసుకుని, కౌంటీ అంతా తిరిగి, ప్రతి సెటిలర్ కుటుంబాన్నీ ఇంటిముందు నిలబెట్టి ఫొటో తీయడం మొదలుపెట్టాడు. ఇలా తీసినవి 3 వేల పైచిలుకు గాజు నెగెటివ్ ప్లేట్లు. 1899లో ఆయన ఇల్లు కాలిపోయింది, నెగెటివ్‌లు మాత్రం ధాన్యం కొట్టంలో ఉండటంతో దక్కాయి. 1901లో కౌంటీ చరిత్ర పుస్తకం వేశాడు. 1912లో ఆ ప్లేట్లు రాష్ట్ర చరిత్ర సంస్థకు చేరాయి, అసలైనవి ఇప్పటికీ రాష్ట్ర రాజధాని లింకన్ నగరంలోనే ఉన్నాయి. అమెరికాలో తొలి సెటిలర్ల జీవితం గురించి చెప్పే చాలా పుస్తకాల్లో వీటిలో ఒకటైనా కనిపిస్తుంది. ఆ ఫొటోల్లోని మనుషులు బతికిన ఊళ్ల మధ్యే ఉన్న మ్యూజియంలో వాటిని చూడటం వేరు.

ఫొటోల దగ్గర తొందరపడకండి. బుచర్ ఇంటి లోపల ఫొటోలు తీసింది చాలా తక్కువ, లోపల వెలుతురు చాలదు. అందుకే కుటుంబాలు తమకున్నదంతా బయటికి తెచ్చి పెట్టుకున్నాయి. కుట్టుమిషను, పక్షి పంజరం, గుర్రాలు, ఆవు, పుచ్చకాయలు, చనిపోయిన బిడ్డ ఫొటో, ఏది తమకు గొప్పో అది. ఇవన్నీ తూర్పున ఉన్న బంధువులకు పంపుకోవడానికి. హిల్టన్ కుటుంబం ఫొటో ఒకటి చాలా ప్రసిద్ధి. మట్టి ఇల్లు బంధువుల కంట పడటం ఇష్టం లేక ఆ ఇంటి ఇల్లాలు, కాళ్లతో తొక్కి వాయించే ఆర్గన్‌ని ఇంట్లోంచి పశువుల దొడ్డి దగ్గరికి మోయించి, దాని చుట్టూ కుటుంబాన్ని నిలబెట్టి తీయించుకుంది. ఇంకో ఫొటోలో నలుగురు క్రిస్మన్ అక్కచెల్లెళ్లు గుర్రాలతో సాడ్ ఇంటి (గడ్డి నేలను పెళ్లలుగా కోసి కట్టిన ఇల్లు) ముందు నిలబడి ఉంటారు. పెళ్లికాని ఆడవాళ్లు కూడా 21 ఏళ్లు నిండితే సొంత పేరున భూమి పట్టవచ్చు, ఈ ఇంటి పెద్దమ్మాయిలు పట్టారు కూడా. పెళ్లయిన స్త్రీకి మాత్రం సాధారణంగా ఆ హక్కు లేదు. మీ 12 ఏళ్ల పిల్లను గానీ పిల్లవాణ్ని గానీ ఆ ఫొటో ముందు నిలబెట్టి ఈ తేడా ఎందుకని అడగండి, బాగా ఆలోచిస్తారు. 1887 నాటి షోర్స్ కుటుంబం ఫొటో కూడా వెతకండి. బానిసత్వం నుంచి బయటపడి వచ్చి భూమి పట్టిన నల్లజాతి కుటుంబం అది. కొన్ని ప్లేట్ల మీద పాడైన చోట బుచర్ చేత్తో టర్కీ కోళ్ల బొమ్మలు గీకాడు. ఎనిమిదేళ్ల పిల్లలకు వాటిని కనిపెట్టే పని అప్పగించండి.

ఇప్పుడు ఇంటి సంగతి. నాకు అన్నిటికంటే ఇష్టమైన భాగం ఇదే. కలప లేని చోట ఇల్లు ఎలా కడతారు? గడ్డి నేలనే కోసి కట్టారు. వందల ఏళ్లుగా దున్నని ఆ నేలలో గడ్డి వేళ్లు ఒకదానితో ఒకటి అల్లుకుని గట్టిగా పట్టుకుని ఉంటాయి. నేల తడిగా ఉన్నప్పుడు ప్రత్యేకమైన నాగలితో దాదాపు 12 అంగుళాల వెడల్పు, 4 అంగుళాల మందాన పొడవాటి పట్టీలుగా కోస్తారు. మామూలు నాగలి మట్టిని తిరగేసి చిదిపేస్తుంది, ఇది అలా చేయకుండా పట్టీని చెదరకుండా పక్కన పరుస్తుంది. గ్రాస్‌హాపర్ ప్లౌ అంటారు. మ్యూజియంలో ఉంటే తప్పకుండా చూపించమనండి. ఆ పట్టీల్ని పారతో మూడేసి అడుగుల పెళ్లలుగా నరికి, గడ్డి వైపు కిందికి పెట్టి, రెండు మూడు వరసల మందాన గోడ లేపుతారు. కొన్ని వరసలకొకసారి పెళ్లల్ని అడ్డంగా పేరుస్తారు, గోడ విడిపోకుండా. ఒక చిన్న ఇంటికి అర ఎకరం నుంచి ఎకరం దాకా నేల పై పొర అంతా పోతుంది. గోడ రెండు నుంచి మూడు అడుగుల మందం. అందుకే ఫొటోల్లో కిటికీలు అంత లోతుగా ఉంటాయి, ఆ గట్టు మీదే పూలకుండీలు పెట్టుకునేవాళ్లు.

ఎండాకాలం చల్లగా, చలికాలం వెచ్చగా ఉండేది. గోడ బలమైనదే, కష్టమంతా కప్పుతో. వాగు పక్క నుంచి తెచ్చిన దూలాలు, పైన కంప, దాని మీద గడ్డి, మళ్లీ మట్టిపెళ్లలు. బయట ఒకరోజు వాన పడితే లోపల రెండు రోజులు కారేదని ఇక్కడివాళ్లు ఇప్పటికీ చెప్తారు. మట్టి, పురుగులు, ఒక్కోసారి పాములు అన్నంలో పడకుండా పైకప్పు కింద పలుచటి గుడ్డ కట్టుకునేవాళ్లు. ఇక్కడ నాన్నగారు, అమ్మగారు ఇద్దరూ నోరు విప్పుతారు చూడండి. అనంతపురం పల్లెల్లో మట్టి మిద్దెలో పెరిగినవాళ్లకు మిద్దె మీద చౌడు మన్ను ఎందుకు పరుస్తారో, వానలకు ముందు ఏటా దాన్ని ఎలా సరిచేస్తారో తెలుసు. రెండు చోట్లా సమస్య ఒకటే: కలప తక్కువ, మట్టి ఎక్కువ. మనవాళ్లకు నీళ్లు దిగని మట్టి ఏదో తరతరాలుగా తెలుసు. కొత్తగా వచ్చిన సెటిలర్‌కు ఆ నేల గురించి చెప్పే తాతలు లేరు. మిద్దె కట్టడం ఎలాగో అక్కడే పిల్లలకు నాన్నగారి చేత చెప్పించండి. వాలంటీర్ వినేలా మీరు ఇంగ్లిష్‌లోకి మార్చండి. ఇంకా మంచిది, మీ పెద్దబిడ్డతో ఆ పని చేయించండి. నేను అటువైపు నిలబడి ఇలాంటి మాటలు విన్నవాణ్ని కాబట్టి చెప్తున్నాను, ఆ రోజు మ్యూజియంలో ఉన్నవాళ్లకు అంతకంటే సంతోషం ఉండదు.

మ్యూజియం చూశాక అసలు ఇల్లు చూడాలనిపిస్తే, అదే కౌంటీలో కామ్‌స్టాక్ ఊరి దగ్గర డౌస్ సాడ్ హౌస్ ఉంది. 1900లో కట్టింది. చాలా ఏళ్లు మనుషులు కాపురం ఉన్న ఇల్లు, తర్వాత ఆ చుట్టుపక్కలవాళ్లే బాగుచేసి కాపాడుతున్నారు. గోడ మందం చేత్తో కొలిచి చూసే అవకాశం పిల్లలకు అక్కడే దొరుకుతుంది.

పొయ్యి దగ్గర కట్టెలు కనపడకపోతే ఆశ్చర్యపోకండి. బైసన్ల ఎండు పేడ, అవి అక్కడ కనుమరుగయ్యాక ఆవుల పేడ, మొక్కజొన్న కండెలు, మెలితిప్పిన ఎండుగడ్డి, ఇవే వంటచెరకు. ఎండుగడ్డి మండటానికే ప్రత్యేకంగా చేసిన పొయ్యిలు కూడా అమ్మారు. గడ్డి క్షణాల్లో మండిపోతుంది, కాబట్టి వంట అయ్యేదాకా ఒక మనిషి కూర్చుని మెలిపెడుతూనే ఉండాలి. ఆ పని ఎక్కువగా పిల్లలది. పిడకలు కొట్టిన అమ్మగారికి ఇది వివరించే పనే లేదు.

నీళ్ల విషయంలో కస్టర్ కౌంటీ మెరకల మీద భూమి పట్టినవాళ్లు చాలా అవస్థపడ్డారు. చేత్తో తవ్వే బావి, వంద అడుగులు దాటినా నీరు పడని చోట్లు ఎన్నో. అప్పటిదాకా వాగు నుంచి పీపాల్లో బండి మీద తోలుకోవడమే. అందుకే గాలితో నీళ్లు తోడే గాలిమర వచ్చినప్పుడు ఈ ప్రాంతం స్థితి మారింది. తనంతట తాను గాలి వైపు తిరిగే గాలిమరకు డేనియల్ హాలడే 1854లో పేటెంట్ తీసుకున్నాడు, ఇక్కడికి అది పెద్ద సంఖ్యలో చేరింది రైలుతో పాటే. రైలు 1886లో బ్రోకెన్ బౌకి వచ్చింది. దాంతో చెక్క పలకలూ వచ్చాయి, మట్టి ఇళ్లు మెల్లగా పోయాయి. దారిలో పొలాల్లో పొడవాటి గొట్టం చక్రాల మీద గుండ్రంగా తిరుగుతూ తడపడం చూస్తారు, నాన్నగారు తప్పకుండా అడుగుతారు. అది సెంటర్ పివట్, 1952లో ఫ్రాంక్ జైబాక్ పేటెంట్ తీసుకున్నది. దానికి నీళ్లు ఒగలాలా అనే పెద్ద భూగర్భ జలాశయం నుంచి వస్తాయి. సెటిలర్లు కరువుకు వెళ్లిపోయిన నేల కిందే అన్ని నీళ్లు ఉన్నాయి, అందుకునే సాధనం వాళ్లకు లేదు. బోర్లు ఎండిపోవడం చూసిన రైతుతో ఈ విషయం మాట్లాడితే ఆ నీళ్లు ఎన్నాళ్లు వస్తాయన్న ప్రశ్న ఆయనే అడుగుతారు. ఇక్కడి రైతులు కూడా ఇప్పుడు అదే అడుగుతున్నారు.

ముళ్లతీగ ముక్కలు చెక్కకు బిగించి వరసగా పెట్టిన పలక దాదాపు ప్రతి చిన్న మ్యూజియంలోనూ ఉంటుంది. పిల్లలు దాన్ని దాటేస్తారు. ఆపండి. చెట్లు లేవు కాబట్టి కంచెకు కర్ర లేదు. జోసెఫ్ గ్లిడెన్ 1874లో ముళ్లతీగకు పేటెంట్ తీసుకున్నాక పశువుల మందల్ని పంట మీద పడకుండా ఆపడం సాధ్యమైంది. ఆ రోజుల్లో ఈ కౌంటీలోనే మందల యజమానులకూ రైతులకూ గొడవలు హత్యల దాకా వెళ్లాయి. 1878లో మిచెల్, కెచమ్ అనే ఇద్దరు సెటిలర్లను చంపారు, ప్రింట్ ఆలివ్ అనే పెద్ద పశువుల ఆసామి ఆ కేసులో జైలుకు వెళ్లి తర్వాత బయటపడ్డాడు. పిల్లలకు నచ్చే ముక్క ఇంకోటి: 1900 ప్రాంతంలో పల్లెల్లో కొందరు రైతులు అదే కంచె తీగను టెలిఫోన్ లైనుగా వాడుకున్నారు.

బడి వస్తువులు కనిపిస్తే 1888 జనవరి 12 గురించి చెప్పండి. ఆ రోజు పొద్దున చలికాలానికి వింతగా వెచ్చగా ఉంది. పిల్లలు పలుచని బట్టలతో బడికి వచ్చారు. మధ్యాహ్నం బళ్లు వదిలే వేళకు ఒక్కసారిగా మంచు తుఫాను విరుచుకుపడింది, చేతికి ఎదురుగా ఉన్నది కనపడనంత. రెండు వందల మందికి పైగా చనిపోయారు, వాళ్లలో చాలామంది ఇంటికి బయల్దేరిన పిల్లలు. పక్కనే వ్యాలీ కౌంటీలో మిన్నీ ఫ్రీమన్ అనే యువ ఉపాధ్యాయిని, మట్టి బడి కప్పు గాలికి ఎగిరిపోతే పిల్లలందర్నీ నడిపించుకుని దగ్గరి ఇంటికి చేర్చింది. ఎనిమిదేళ్ల పిల్లలకు చెప్పేటప్పుడు ఈ కథతో మొదలుపెట్టండి, మరణాల సంగతి మీ పిల్లల్ని బట్టి చూసుకోండి.

ఇప్పుడు మీరు అడగని విషయం, కానీ నాకు చాలా ముఖ్యమైన విషయం. ఇలాంటి మ్యూజియంలలో ఒక మూల గాజుపెట్టెలో బాణపు మొనలు ఉంటాయి. ఏ జాతివో, ఎప్పటివో చీటీ మీద ఉండకపోవచ్చు. పక్కన, కౌంటీలో పుట్టిన మొదటి తెల్ల బిడ్డ లాంటి మాటలు కనపడొచ్చు. చీటీలు చాలావరకు ఒక తరం, రెండు తరాల కిందట రాసినవి, అప్పటివాళ్ల చూపు అది. ఆ నేల ఖాళీగా ఉండి సెటిలర్లకు దొరికింది కాదు. లూప్, ప్లాట్ నదుల ప్రాంతం వందల ఏళ్లుగా పానీ అనే ఆదివాసీ జాతిది. వాళ్లు మొక్కజొన్న, చిక్కుడు, గుమ్మడి పండించారు. దుంగల మీద మట్టి కప్పి కట్టిన పెద్ద గుండ్రటి ఇళ్లలో ఉన్నారు. ఈ గాలిలో, ఈ చలిలో మట్టితో కట్టి బతకడం ఎలాగో వాళ్లకు అంతకుముందే తెలుసు. ఒప్పందాలతో భూమిని కుదిస్తూ వచ్చి, 1870ల మధ్యనాటికి వాళ్లను ఇప్పటి ఓక్లహామాకు పంపేశారు. హోమ్‌స్టెడ్ చట్టం ఇచ్చిన ఉచిత భూమి అలా ఉచితమైంది. ఈ మాట పిల్లలకు మీరే చెప్పండి, చీటీ చెప్పేదాకా ఆగకండి. వాలంటీర్‌ను అడగడానికి మొహమాటపడకండి కూడా. మర్యాదగా, ఇక్కడ ముందు ఎవరుండేవారు, వాళ్లిప్పుడు ఎక్కడున్నారు అని అడిగితే ఎవరూ తప్పుగా తీసుకోరు. ఆ ప్రశ్న వచ్చిన కొద్దీ మ్యూజియంలు చీటీలు మార్చుకుంటాయి, మా దగ్గర అలాగే జరిగింది.

నాన్నగారికి చెప్పడానికి ఒక మంచి వార్త కూడా ఉంది. పానీలు తమతో పట్టుకెళ్లి దాచుకున్న పాత మొక్కజొన్న విత్తనాలు ఓక్లహామా నేలలో సరిగా రాలేదు. ఈ శతాబ్దం మొదట్లో కెయర్నీ ప్రాంతంలోని వాళ్లతో కలిసి, ఆ విత్తనాల్ని మళ్లీ నెబ్రాస్కా నేలలో నాటారు. అంతరించిపోతాయనుకున్న రకాలు కొన్ని తిరిగి వచ్చాయి. విత్తనం విలువ తెలిసిన మనిషికి ఈ ఒక్క సంగతి చాలు, సాయంత్రమంతా మాట్లాడతారు.

మనకు సంబంధించిన ముక్క ఒకటి కూడా ఉంది. పౌరసత్వానికి అర్హత ఉంటేనే భూమి అన్నాను కదా. అప్పటి పౌరసత్వ చట్టం తెల్లవాళ్లకు, 1870 తర్వాత ఆఫ్రికా సంతతి వాళ్లకు మాత్రమే వర్తించేది. భారతీయుల్లో కొందరికి అక్కడక్కడా కోర్టులు ఇచ్చినా, 1923లో భగత్ సింగ్ థిండ్ అనే భారతీయుడి కేసులో సుప్రీంకోర్టు భారతీయులు అర్హులు కారని తేల్చింది. 1946లో గానీ ఆ తలుపు తెరుచుకోలేదు. కాబట్టి పిల్లలు, మన తాతలు ఆ రోజుల్లో వచ్చుంటే మనకూ 160 ఎకరాలు ఇచ్చేవాళ్లా అని అడిగితే, సూటిగా జవాబు చెప్పండి.

ఇక ప్రయాణం సంగతులు. ఒమాహా నుంచి ఐ-80 మీద గ్రాండ్ ఐలాండ్, అక్కడి నుంచి 2వ నంబరు హైవే, మొత్తం మూడున్నర గంటలు. పెద్దవాళ్లతో ఏకబిగిన వెళ్లకండి, గ్రాండ్ ఐలాండ్‌లో స్టర్ మ్యూజియం దగ్గర ఆగండి. అక్కడ 1890ల నాటి రైల్వే ఊరంతా నిలబెట్టారు, వేసవిలో కమ్మరి, బడి పంతులమ్మ వేషాల్లో మనుషులు పనిచేస్తూ కనిపిస్తారు. పానీల మట్టి ఇల్లు నమూనా కూడా ఉంది. పిల్లలు ముందు ఇది చూస్తే బ్రోకెన్ బౌలో గాజుపెట్టెలో ఉన్న వస్తువు ఎలా కదులుతుందో వాళ్లకు ఊహకు అందుతుంది. కానీ స్టర్‌లో నడక ఎక్కువ, మోకాళ్ల నొప్పులుంటే ముందే వీల్‌చైర్ సంగతి అడగండి.

బ్రోకెన్ బౌ మ్యూజియంకి వెళ్లే ముందు రోజు ఫోన్ చేయండి. చిన్న మ్యూజియంల వేళలు సీజన్‌ను బట్టి, ఆ రోజు వచ్చే వాలంటీర్‌ను బట్టి మారుతుంటాయి. వెబ్‌సైట్‌లో వేళలు చూసి నమ్ముకుని వెళ్లి మూసిన తలుపు ముందు నిలబడ్డవాళ్లు నాకు చాలామంది తెలుసు. ఫోన్‌లోనే, మా నాన్న మెట్టపొలం రైతు, ఇండియా నుంచి వచ్చారు, సేద్యం పనిముట్లు దగ్గరగా చూడాలని ఉంది అని చెప్పండి. ఆ ఒక్క మాటతో మీకు దొరికే చూపు మారిపోతుంది. తాడు అడ్డం కట్టిన వస్తువులు ముట్టుకోవద్దని పిల్లలకు ముందే చెప్పండి. ముట్టుకోనిచ్చేవి వాళ్లే తీసి చేతిలో పెడతారు, మొక్కజొన్న గింజలు ఒలిచే మిషను, పొత్తు తొడుగు విప్పడానికి చేతికి కట్టుకునే కొక్కెం లాంటివి. ఫొటో తీసేముందు అడగండి, ఫ్లాష్ వద్దు. పది, ఇరవై డాలర్ల నోట్లు జేబులో ఉంచుకోండి, విరాళం డబ్బా తప్పకుండా ఉంటుంది. చాలాచోట్ల కరెంటు బిల్లు కట్టేది దాంతోనే.

మ్యూజియంలోని రీసెర్చ్ లైబ్రరీని వదిలేయకండి. పాత భూమి మ్యాపులు చూపించమని అడగండి. ఆరు మైళ్ల చదరం ఒక టౌన్‌షిప్, అందులో 36 సెక్షన్లు, ఒక్కో సెక్షన్ 640 ఎకరాలు, దాంట్లో నాలుగో వంతు ఒక హోమ్‌స్టెడ్. మీరు వచ్చిన దారిలో మట్టి రోడ్లు మైలుకొకటి ఎందుకు అడ్డం వచ్చాయో అప్పుడు తెలుస్తుంది. సర్వే నంబర్లు, పట్టా పాస్‌బుక్కులతో జీవితమంతా గడిపిన మనిషికి ఈ మ్యాపు చదవడం ఐదు నిమిషాల పని. అసలు పట్టాల నకళ్లు ఫెడరల్ ప్రభుత్వపు భూమి శాఖ, బ్యూరో ఆఫ్ ల్యాండ్ మేనేజ్‌మెంట్ వెబ్‌సైట్‌లో ఉచితంగా వెతుక్కోవచ్చు. ఫొటోలో చూసిన ఒక కుటుంబం పేరు కొట్టి, ఆ పట్టా ఏ సెక్షన్‌దో మ్యాపు మీద పట్టుకోవడం మీ పెద్దబిడ్డకు రాత్రి హోటల్‌లో మంచి కాలక్షేపం.

తిండి విషయంలో, శాకాహారులైతే పులిహోర, పెరుగన్నం కూలర్‌లో పెట్టుకోండి. ఊళ్లో పిజ్జా, సాండ్‌విచ్ దొరుకుతాయి కానీ పెద్దవాళ్లకు సరిపడకపోవచ్చు. మందులు, నీళ్లు ఎక్కువే ఉంచుకోండి. బ్రోకెన్ బౌ దాటాక సెల్ సిగ్నల్ మీద ఆధారపడకండి, మ్యాపు ముందే డౌన్‌లోడ్ చేసుకోండి.

తిరుగు ప్రయాణంలో ఐ-80 ఎక్కకుండా కామ్‌స్టాక్, ఆర్డ్, ఫుల్లర్టన్, జెనోవా, కొలంబస్ మీదుగా రండి. డౌస్ ఇల్లు దారిలోనే కలిసొస్తుంది. జెనోవాలో 1884 నుంచి 1934 దాకా ఫెడరల్ ప్రభుత్వం నడిపిన ఇండియన్ స్కూల్ (అమెరికా ఆదివాసీ పిల్లల బడి) తాలూకు భవనం మిగిలి ఉంది, దాంట్లో చిన్న మ్యూజియం నడుపుతున్నారు. చాలా జాతుల పిల్లల్ని ఇళ్ల నుంచి దూరంగా తెచ్చి, వాళ్ల భాష, జుట్టు, పేరు మార్చిన బడి అది. పెద్దబిడ్డకు చూపించదగ్గది, చిన్నబిడ్డను బట్టి మీరు నిర్ణయించుకోండి. దానికి కూడా ముందే ఫోన్ చేసి తెరుస్తారో లేదో కనుక్కోండి. డౌస్ ఇంటికి వెళ్లే దారి చివరి భాగం కంకర రోడ్డు. ముందు రోజు గట్టి వాన పడితే మామూలు కారుతో వెళ్లకండి, ఆరేదాకా ఆగండి.